నోరు మూసుకుని వినేవాళ్లు

గౌలిపురాలో వైకుంఠం ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. ఆదివారం పొద్దున రమ్మనేవారు, లొల్లి వినబడిన ఇల్లే అతనిదనేవారు. లొల్లంటే కొట్లాట కాదు. పది దాటాక ఆ ఇంటి ముందుగదిలోంచి ఒక షెహనాయో, నాటక పద్యమో, ఖవ్వాలీయో వీధిలోకి వచ్చేది. పాడేవాడు ఎక్కడో ఒకచోట గొంతును అందరానంత పైకి తీసుకుపోయి, అక్కడ కాసేపు నిలబెట్టి, మెల్లగా దించేవాడు. దించీ దించగానే లోపలున్న ఇరవై మందీ ఒక్కసారిగా "వాహ్!" అని అరిచేవారు. పక్క దొడ్లో బర్రెలు ఉలిక్కిపడి తాళ్లు గుంజుకునేవి.

పాతబస్తీలో దీన్ని దాద్ ఇవ్వడం అంటారు. నచ్చిందని పాడేవాడికి చెప్పే మర్యాద అది. నచ్చినచోట నోరు మెదపకుండా కూర్చున్నవాణ్ని ఇక్కడ రసికుడనరు, ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. పాడేవాడు ఎదురుగా లేడు కదా, తిరిగేది రికార్డు కదా, దానికి దాద్ ఎందుకని ఎవరైనా అడిగితే వైకుంఠం నవ్వేవాడు.

"ఆయన ఇనకపోతేంది, పక్కన కూసున్నోడు ఇంటడు గద" అనేవాడు.

ఆ లొల్లి పదేళ్లు బతికి చచ్చిపోయింది. ఎవరు చంపారో చివరిదాకా దాచి ఊరించడం నాకిష్టం లేదు. వైకుంఠమే చంపాడు. ఎలా చంపాడన్నదే చెప్పుకోవాల్సిన సంగతి.

వైకుంఠం సర్కారు ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగ చుట్టేవాడు. చదివింది ఎనిమిదో తరగతి. పనిలో అతనికో అలవాటుండేది. చుట్టడం పూర్తయ్యాక కరెంటు ఇచ్చి, చెవి ఆనించినంత దగ్గరగా వంగి, ఆ గుంయ్‌మనే మోత వినేవాడు. "గీ పక్క మూడో రేకు వదులుంది" అనేవాడు. విప్పి చూస్తే తీగ లోపల పేర్చిన ఇనుప రేకుల్లో మూడోదే వదులుగా ఉండేది. ఇంజనీర్లు మీటరు పెట్టి అరగంటకు కనిపెట్టేది అతను చాయ్ తాగుతూ చెప్పేవాడు. దానికి అతనికి ప్రమోషనేమీ రాలేదు, పనివాళ్లలో కాస్త పేరొచ్చింది.

అరవై తొమ్మిదిలో గురువారం సంతలో, అంటే మా జుమ్మేరాత్ బజారులో, రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండే రేడియోగ్రాం ఒకటి, పగిలినది, దొరికింది. దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఏడాదిపాటు దాని పేగులన్నీ బయటికి తీసి మళ్లీ కూర్చాడు. ట్రాన్స్‌ఫార్మర్లు తనే చుట్టుకున్నాడు. స్పీకర్లకు పెట్టెలు కావాల్సి వస్తే చాయ్‌పత్తి వచ్చే ప్లైవుడ్ పెట్టెలు విప్పి చేశాడు. వాటి లోపల దట్టించడానికి పెళ్లాం ఆండాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొంత చించితే, ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పాట విని, "బొంత మంచిగనే పాడుతుంది" అంది.

ఆంప్లిఫయరుకు ఇనుప డబ్బా చేసిచ్చినవాడు బాలనర్సింహ. లాల్‌దర్వాజాలో రేకు ట్రంకు పెట్టెలు చేసేవాడు, వైకుంఠంతో చిన్నప్పుడు గోలీలాడినవాడు. పొద్దస్తమానం రేకు మీద సుత్తి దెబ్బల మధ్య బతకడం వల్ల అతనికి మెల్లగా మాట్లాడటం అనేది తెలియదు. గుసగుసలాడితే వీధి చివర దాకా వినబడేది. ఏ గాజు వాల్వు ఎక్కడ కూర్చోవాలో వైకుంఠం సుద్దతో నేల మీద గీస్తే, చూసి, కొలత కర్ర ముట్టుకోకుండా కత్తిరించి తెచ్చాడు. అన్ని బెజ్జాలూ సరిగ్గా కుదిరాయి.

ఆ రోజుల్లోనే షాలిబండలోని బాబురావు దేవిడికి వైకుంఠం మొదటిసారి వెళ్లాడు. బాబురావు హైకోర్టు వకీలు. తాతలనాటి పెద్ద ఇల్లు, పాలరాతి నేల, ఆ నేల మీద జర్మనీ నుంచి తెప్పించిన రికార్డు ప్లేయరు. ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడ ఒక డాక్టరు, ఒక కాలేజీ లెక్చరరు, ఒక బ్యాంకు మేనేజరు, ఇంకో నలుగురు చేరి రికార్డులు వినేవారు. దానికి సౌండ్ సర్కిల్ అని పేరు పెట్టుకున్నారు. సూది రికార్డును తాకిన క్షణం నుంచి లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదన్నది వాళ్ల నియమం. దగ్గొస్తే బయటికెళ్లి దగ్గాలి.

వాళ్ల మెషీన్‌లో ఏదో గురక లాంటి మోత మొదలైంది. కంపెనీవాళ్లకు చేతకాకపోతే, వైకుంఠం సామాన్లు కొనే రేడియో దుకాణం అతను వైకుంఠాన్ని పంపాడు. వైకుంఠం గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం విన్నాడు. లోపలికెళ్లి ఒక తీగ చోటు మార్చాడు. గురక ఆగింది.

బాబురావుకు సంతోషమైంది. "శెభాష్ మిస్త్రీ! జెర సేపు ఇనిపో. గా వరండాల బల్ల ఉంది, కూసో" అన్నాడు.

వైకుంఠం కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గరికి కిటికీలోంచి కుడివైపు పెట్టె మోత ఒక్కటే వచ్చేది, ఎడమది గోడకు తగిలి లోపలే ఉండిపోయేది. అయినా అంత శుభ్రమైన చప్పుడు అతను పుట్టాక వినలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మెషీన్ ఎలా ఉందో చూసిపోతానని వంక పెట్టుకుని వెళ్లేవాడు. సగం పాట వినేవాడు. లోపల ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఏదో ఒకరోజు అందులోకి రమ్మంటారనుకునేవాడు. పిచ్చివాడు.

ఒక సాయంత్రం సారంగి రికార్డు పెట్టారు. కమాను తీగ మీద ఆగినట్టే ఆగి, తెగిపోతుందనుకున్న చప్పుడు సన్నగా మళ్లీ లేచింది. వైకుంఠం నోట్లోంచి "వాహ్!" అని వచ్చేసింది. లోపల ఎవరో లేచి కిటికీ మూసేశారు. రికార్డు అయిపోయాక బాబురావు బయటికొచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"చూడు మిస్త్రీ. ఇనుడంటే గూడ ఒక చదువే. అందరికి రాదు. గిది దర్గ కాడి ఖవ్వాలీ గాదు. నీది చేతిపని, మంచిగ చేస్తవ్. గంతవరకే ఉండు" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని వైకుంఠం ఆ మాటలు ఆండాలుకు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ మోతలో వదులు రేకును పట్టే చెవికి వినడం రాదని ఒక వకీలు తీర్పు చెప్పాడు.

"బల్ల మీద కూసునేతందుకు గంత దూరం పోయినవా? మనింట్ల చాప లేదా? తలుపు తెరిచి పెట్టు, ఒచ్చేటోళ్లొస్తరు" అంది ఆండాలు.

అలా మొదలైంది ఆదివారం లొల్లి. మొదటివారం ముగ్గురు వచ్చారు, ఆర్నెల్లకు గది చాలలేదు. పాలు పోసే చంద్రమ్మ చెంబు కడుక్కుని వచ్చి గడపలో కూర్చునేది. గాజుల బట్టీవాళ్లు, ఫ్యాక్టరీ దోస్తులు, పూల బజారులో మూటలు దించి నేరుగా వచ్చేవాళ్లు, ఎవరొస్తే వాళ్లు. ఇక్కడ ఎవరి చదువూ ఎవరూ అడగలేదు. ఎవరికి ఏది వినాలనిపిస్తే అది జుమ్మేరాత్ బజారులో వెతికి తెచ్చేవారు. తెలియనిది అడిగితే నవ్వకూడదన్నది అక్కడున్న ఒకే ఒక్క కట్టుబాటు.

రికార్డులో పాట ఎలా ఉంటుందని ఎవరో అడిగితే, వైకుంఠం ఒక కాగితాన్ని గరాటులా చుట్టి, కొసకు గుండుసూది గుచ్చి, తిరుగుతున్న పాత రికార్డు మీద ఆనించాడు. కాగితం పాడింది. గదిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ కాగితం పట్టుకుని పాడించుకునేదాకా ఆ రోజు ఇంకో పని జరగలేదు. ఇంకోసారి చంద్రమ్మకు ఒక అనుమానం వచ్చింది.

"కొడుకా, గిటు డబ్బ గిట్లనే ఉంది, గటు డబ్బ గట్లనే ఉంది. నడుమ ఎవలు లేరు. మరి పాడేటామె నడిమిట్ల కూసున్నట్టు ఎందుకొస్తుంది?"

వైకుంఠం లేచి నిలబడ్డాడు, అంత సంతోషమేసింది. "చిన్నమ్మా, గిదే, గిది తెల్సుకునేతందుకే పెద్ద పెద్దోళ్లు ఏండ్లకేండ్లు తిప్పలువడ్డరు. నువ్వు గడపల కూసోని అడిగినవ్" అన్నాడు. తర్వాత గంటసేపు అందరినీ ఒక్కొక్కరిగా మధ్యలో కూర్చోబెట్టి, ఒక పెట్టె ఆపి, మళ్లీ పలికించి చూపించాడు. సౌండ్ సర్కిల్‌లో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. అడిగితే తెలియదని బయటపడుతుంది కదా.

దాద్ ఇవ్వడంలో మొదటి గొంతు బాలనర్సింహదే. ఎడమ పెట్టె పక్కన గోడకానుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అసలు చోటు రాబోతోందనగా చెయ్యి గాల్లోకి లేచేది. అది చూసి అందరూ ఊపిరి బిగబట్టేవారు. "వాహ్ రే వాహ్! జియో!" అని, వెయ్యేళ్లు బతకమని అతను అరిచాకనే మిగతావాళ్ల నోళ్లు తెరుచుకునేవి. ఒక్కసారి కూడా చోటు తప్పలేదతను. రేకు కత్తిరించినట్టే, కొలత లేకుండా సరిగ్గా పడేది.

ఆ పదేళ్లలో ఆ చుట్టుపక్కల ఎనిమిది ఇళ్లలో చాయ్‌పత్తి పెట్టెలు పాడటం నేర్చుకున్నాయి. వైకుంఠం చుట్టిచ్చాడు, బాలనర్సింహ డబ్బాలు చేసిచ్చాడు. ఇద్దరికీ అదే పండుగ.

ఎనభై ఒకటిలో సర్కిల్ లెక్చరరు గారు ఏదో పని మీద గౌలిపురా వీధిలోంచి పోతూ షెహనాయి విని ఆగిపోయాడు. లోపలికొచ్చి చివరిదాకా విన్నాడు. వెళ్లి బాబురావుతో చెప్పాడు. ఆ పెట్టెల ముందు మన జర్మనీ పెట్టెలు దిగదుడుపేనన్నాడట. బాబురావు నమ్మలేదు, కానీ ఊరుకోలేకపోయాడు. వచ్చే ఆదివారం పొద్దున తామే వచ్చి వింటామనీ, నిజంగా అంత బాగుంటే సర్కిల్‌లో ఒక కుర్చీ ఖాళీగానే ఉందనీ కబురు పంపాడు.

ఇక్కడ వైకుంఠం నవ్వి, రమ్మనండి, మా చాప మీద చోటుంది అని ఊరుకోవాల్సింది. పదేళ్లుగా ఇంత మందిని కూర్చోబెట్టుకున్నవాడికి ఆ కుర్చీతో ఏం పని? కానీ పదకొండేళ్ల కిందటి ఆ కిటికీ చప్పుడు అతని ఒంట్లో ఎక్కడో అలాగే ఉండిపోయింది. తనకు వినడం వచ్చని ఆ మనిషే, ఆ నోటితోనే అనాలి. ఇరవై మంది పామరులు వాహ్ అంటే తీరే దాహం కాదది. ఆ కబురు వినగానే అతను మారిన తీరు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గదికి సున్నం వేయించాడు. అయిదు కుర్చీలు అడిగి తెచ్చాడు. ఇంటింటికీ తిరిగి, "ఈ ఒక్క వారం ఎవ్వలు నోరు తెర్వొద్దు. పాటయ్యే దాంక గప్‌చిప్ ఉండాలె. నా ఇజ్జత్ మీ చేతుల ఉంది" అని చెప్పాడు. వాళ్లు పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల గురించి చెప్పినట్టే విని తలలూపారు. వైకుంఠం కోసం ఒక పూట నోరు మూసుకోవడం వాళ్లకు కష్టం కాదు.

బాలనర్సింహ ఒక్కడి దగ్గరే చిక్కు వచ్చింది. అతను ఒప్పుకుంటాడు, మాట నిలబెట్టుకోవాలనే చూస్తాడు, ఆ చోటు రాగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వైకుంఠం శుక్రవారం దుకాణానికి వెళ్లి, "అరే, మెషీన్ కరాబైంది. గీ ఆదివారం కూసునుడు లేదు, నువ్వు రాకు" అన్నాడు.

"గట్లనా? ఏమైందిర?" అని బాలనర్సింహ సుత్తి కింద పెట్టాడు.

"లోపల డబ్బల ఏదో కదులుతుంది" అని నోటికొచ్చింది చెప్పి వచ్చేశాడు.

ఆండాలుకు తెలిసింది. "ఆనికి అబద్ధం చెప్పినవా? ఏం పొయ్యేకాలమొచ్చింది నీకు?" అంది. అతను అడిగి తెచ్చిన కుర్చీలు తుడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం పదింటికి బాబురావు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. జుట్టు నెరిసింది, నడక మారలేదు. వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఎప్పుడూ వచ్చేవాళ్లు గోడ వారగా నేల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వైకుంఠం షెహనాయి రికార్డు పెట్టి సూది దించాడు. చెమటతో అంగీ వీపుకు అతుక్కుపోయింది.

బాబురావు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అతని తల మెల్లగా, తెలిసీ తెలియకుండా ఊగింది. వైకుంఠం ఆ తలనే చూస్తున్నాడు. రికార్డు వినడం లేదు.

అప్పుడు గుమ్మంలో బాలనర్సింహ కనిపించాడు. ఒక చేతిలో రేకు కత్తెర, భుజాన సంచిలో రివెట్లు, సుత్తి. తను చేసిన డబ్బాలో ఏదో కదులుతోందని విన్నప్పటి నుంచి ఆ మనిషికి నిద్ర లేదు. తన బెజ్జాల్లోనే తప్పుందేమోనని రెండు రోజులు మథనపడి, దుకాణం కట్టేసి, బాగుచేసి పోదామని వచ్చాడు. పాట వినగానే మొహం వెలిగిపోయింది.

"వాహ్ రే వైకుంఠం! బాగైందార? నేనింక డబ్బ మొత్తం ఇప్పాలె అనుకొని కత్తెర తెచ్చిన! జియో!" అన్నాడు, తన మామూలు గొంతుతో.

బాబురావు కళ్లు తెరిచాడు. "ఎవరితను?" అన్నాడు.

గదిలో అందరూ వైకుంఠం వైపు చూశారు. నా చిన్నప్పటి దోస్తు అనొచ్చు. ఈ డబ్బా ఇతని చేతిదే అనొచ్చు. ఏమీ అనకుండా ఇంత చోటు చూపించినా సరిపోయేది.

"ఎవలు గాదు సార్. రేకు మిస్త్రీ" అన్నాడు వైకుంఠం. తర్వాత బాలనర్సింహతో, "గా బయట అరుగు మీద కూసో. అయినంక పిలుస్త. ఇది ఇనేటోళ్లు ఇనేది" అన్నాడు.

బాలనర్సింహ మొదట తమాషా అనుకుని నవ్వాడు. గోడ వారగా ఉన్నవాళ్లెవరూ తల ఎత్తకపోవడం చూశాక నవ్వు ఆగింది. కత్తెర చప్పుడు కాకుండా సంచిలో పెట్టుకుని బయటికెళ్లాడు. వైకుంఠం తలుపు దగ్గరికి వేసి, సూదిని మళ్లీ మొదటికి తెచ్చి పెట్టాడు.

రికార్డు అయిపోయింది. బాబురావు లేచి పెట్టెల చుట్టూ తిరిగి చూశాడు. "మంచి చెవి ఉంది నీకు" అన్నాడు. "ఒచ్చే ఐతారం సాయంత్రం రాండ్రి వైకుంఠం గారూ. లోపట కుర్చీ ఉంటది." పదకొండేళ్లు ఎదురుచూసిన మాటలవి. గారూ అని కూడా అన్నాడు. వైకుంఠం రెండు చేతులూ జోడించాడు.

ఆండాలు అరుగు మీదికి చాయ్ తీసుకెళ్లి, నిండు గ్లాసుతో తిరిగొచ్చింది. "లేడు. పోయిండు" అంది. వచ్చినవాళ్లు వెళ్లేదాకా ఆగి, "మనింటికి ఒచ్చినోన్ని బయట కూసోవెట్టినవ్. నిన్నెవలో కూసోవెట్టిండ్రని గంత ఏడిస్తివి గద" అంది. ఆ చాయ్ మోరీలో పారబోసింది.

వైకుంఠం ఆ వారంలోనే లాల్‌దర్వాజా వెళ్లి ఉంటే ఏమయ్యేదో. వెళ్లలేదు. సిగ్గేసిందంటాడు. సిగ్గు కంటే కొత్త కుర్చీ మోజు ఎక్కువని నేనంటాను.

పొద్దుటి లొల్లి దానంతటదే సన్నబడింది. తర్వాతి వారం అందరూ వచ్చారు కానీ, చంద్రమ్మ "అబ్బ!" అనగానే వైకుంఠం మొహం చిట్లించాడు. "జెర మెల్లగ చిన్నమ్మా" అన్నాడు. ఆమె ఇంకోసారి అనలేదు. నెల తిరిగేసరికి నలుగురు మిగిలారు. రెండు నెలలకు అతనే, ప్రశాంతంగా వినాలని, తలుపు మూసుకున్నాడు.

దేవిడిలో నాలుగేళ్లు కూర్చున్నాడు. కుర్చీకి మెత్త ఉంది, ఎదురుగా రెండు పెట్టెలూ సమంగా వినబడేవి. రికార్డు ఆగాక తీగల గురించి, సూదుల గురించి, ఎవరికి ఏ దేశం నుంచి ఏది వస్తోందన్న దాని గురించి మాట్లాడేవారు. పాట గురించి మాట్లాడటం అతను పెద్దగా వినలేదు. అతనూ మాట్లాడేవాడు కాదు.

ఎనభై అయిదులో ఒక సాయంత్రం సూది దిగిన మొదటి నిమిషంలోనే ఎడమ పెట్టె పలకడం లేదని వైకుంఠానికి తెలిసింది. ఎవరైనా చెబుతారని చూశాడు. డాక్టరు కళ్లు మూసుకున్నాడు, మేనేజరు తల పంకించాడు. రికార్డు అయ్యాక లెక్చరరు గారు, ఈ రోజు చప్పుడులో ఏదో కొత్త లోతుందన్నారు. అందరూ అవునన్నారు. వైకుంఠం కూడా తలూపాడు. చెబితే బాబురావు మెషీన్‌కు వంక పెట్టినట్టవుతుంది, మిస్త్రీ బుద్ధి ఎక్కడికి పోతుందంటారు. మూడు ఆదివారాలు అలాగే సగం పాట విన్నారు, మూడు ఆదివారాలు అతను నోరు మూసుకున్నాడు.

నాలుగో వారం డాక్టరు వెంట వచ్చిన చుట్టపాయన ఒకరు, "ఆ ఎడమది ఆపేశారా?" అని అమాయకంగా అడిగాడు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. బాబురావు వైకుంఠం వైపు తిరిగాడు.

"మిస్త్రీ, చూడు జెర" అన్నాడు.

వైకుంఠం లేచాడు. పాలరాతి మీద మోకాళ్లు ఆన్చి, పెట్టె వెనక ఊడిన తీగను బిగించాడు. వెంటనే వేరే రికార్డు పెట్టారు. నియమం ప్రకారం ఎవరూ నోరు విప్పకూడదు, కుర్చీలోకి వచ్చి కూర్చోమని ఎవరూ అనలేదు. పాట అయిపోయేదాకా అతను స్క్రూడ్రైవరు పట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ దేవిడికి మళ్లీ పోలేదు. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు.

నెల తర్వాత లాల్‌దర్వాజా వెళ్లాడు. బాలనర్సింహ అతన్ని చూసి గబగబా లేచాడు. కొత్త ట్రంకు పెట్టె ఒకటి ముందుకు జరిపి, భుజం మీది తువ్వాలతో తుడిచి, "కూసో సార్. చాయ్ చెప్తా" అన్నాడు.

"సార్ ఏందిర? నేను వైకుంఠాన్ని."

"గంత పెద్దోళ్ల నడుమ కూసుంటవ్ గద" అన్నాడు బాలనర్సింహ. వెటకారమేమోనని వైకుంఠం అతని మొహం వెతికాడు. లేదు. వెటకారమైతే తిట్టించుకుని తేలికపడేవాడు.

"గా దినం నాది తప్పైందిర. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

"అయ్యో, గదేం మాట సార్. తప్పు నాదే. మనసుల ఎన్నిసార్లు అనుకున్ననో. గంతమంది ఇంటుంటే నడుమ ఒర్రినోన్ని నేను. మాకేం ఎరుక, ఇనుడు అంటే ఒక పద్ధతుంటదని. పదేండ్లు నీ పాటలన్ని కరాబ్ చేసిన. నువ్వు మంచోనివి కాబట్టి ఊకున్నవ్."

ఆ మనిషి కోపం పెట్టుకోలేదు. నమ్మేశాడు. బాబురావు చెప్పినప్పుడు వైకుంఠం నమ్మకుండా ఇంటికొచ్చి తలుపు తెరిచాడు. ఇతనికి చెప్పింది వకీలు కాదు, చిన్నప్పటి దోస్తు. నమ్మకేం చేస్తాడు?

"ఒచ్చే ఆదివారం రా. అందర్ని పిలుస్తున్న. మల్ల మునుపటి లెక్కనే కూసుందాం" అన్నాడు. బాలనర్సింహ వస్తానన్నాడు.

ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. బాలనర్సింహ ఉతికిన అంగీ వేసుకుని వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. ఎడమ పెట్టె దగ్గరికి రమ్మని వైకుంఠం ఎంత పిలిచినా, ఇక్కడే మంచిగుంది సార్ అన్నాడు. ఆండాలు అందరికీ చాయ్ ఇచ్చింది. వైకుంఠం షెహనాయి రికార్డు పెట్టాడు.

ఊపిరంతా ఒక్క స్వరంలో పోసి పైకి తీసుకెళ్లే చోటు వచ్చింది. అతను రికార్డు వైపు చూడలేదు, బాలనర్సింహ వైపు చూశాడు. ఆ మనిషి కుడిచెయ్యి ఒళ్లో కదిలింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నాడు. పెదాలు బిగించాడు. స్వరం దిగింది. గదిలో ఎవరూ ఊపిరి కూడా వదల్లేదు.

"వాహ్!" అన్నాడు వైకుంఠం. దగ్గులా వచ్చింది. ఎవరూ అందుకోలేదు. గడపలోంచి చంద్రమ్మ అతని వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టి, "ఉష్" అంది. నీ ఇజ్జత్ మేం కాపాడుతున్నాం, నువ్వే పాడుచేసుకోకు అన్నట్టు ప్రేమగానే అంది.

రికార్డు చివరిదాకా తిరిగింది. ఒక్కొక్కరే లేచి, బాగుందని మెల్లగా చెప్పి వెళ్లిపోయారు. బాలనర్సింహ చెప్పులేసుకుంటూ ఆగాడు. మొహం నిండా సంతోషం, బడిలో మొదటిసారి లెక్క తప్పకుండా చేసినవాడిలా ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నాడో, పక్కనున్నవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా చెప్పాడు.

"చూసినవా సార్? గీసారి ఒక్కసారి గూడ ఒర్రలే. మొత్తం నోరు మూస్కొనే ఇన్న."

వైకుంఠం అతని చెయ్యి పట్టుకున్నాడు. "అవును, ఇన్నవ్" అన్నాడు.